ఆరో నెల కాగితం

ఆ కాగితం ఆడపడుచు చేతిలో పడకపోయి ఉంటే ఆ మధ్యాహ్నం ఏదోలా గడిచిపోయేది.

ఫైలులో ఒకటా రెండా, నలభై కాగితాల దాకా ఉన్నాయి. స్కానింగులు, రక్తపరీక్షలు, మందుల చీటీలు. కోర్టులో పాతికేళ్ళుగా టైపిస్టు పని చేస్తున్న మనిషికి అంత కట్ట అందిస్తే ఊరుకుంటుందా? తడి వేలితో ఒక్కొక్కటే తిప్పుకుంటూ వచ్చి, ఒక పసుపురంగు కాగితం దగ్గర ఆగింది.

"ఆరో నెల వాకబు," అని పైకి చదివింది. "ఇదేమిటి?"

మామగారు కిటికీ పక్కన కుర్చీలో, వాచిన పాదాలు రెండూ ముక్కాలిపీట మీద పెట్టుకుని ఉన్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. కోడలు ఒక చేత్తో మాత్రలు, ఇంకో చేత్తో నీళ్ళగ్లాసు పట్టుకుని హాలు మధ్యకి వచ్చి ఆగిపోయింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? లేదు," చదవడం మొదలుపెట్టింది ఆడపడుచు. "ఆగకుండా ఎంత దూరం నడవగలరు? అర కిలోమీటరు. కాళ్ళ వాపు? లేదు. ఇదివరకు చేసే పని ఏదైనా మానేశారా? లేదు. రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు? ఒకటి."

కాగితం దించి తండ్రి వైపు చూసింది.

"ఒకటా? నేనొచ్చి మూడు రోజులైంది. మూడు రాత్రులూ నాన్న ఈ కుర్చీలో కూర్చునే కునికాడు. దిండు సంగతి దేవుడెరుగు, అసలు మంచమే ఎక్కలేదు."

"అది ఇప్పటి సంగతక్కా," అన్నాడు ఆమె తమ్ముడు, కోడలి భర్త. "ఆ కాగితం ఆరు నెలల కిందటిది."

అతను కారు నడపడం నేర్పే మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని కూర్చుని, ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా కుడికాలితో నేలని గట్టిగా నొక్కే అలవాటొకటి పట్టుకుంది. అక్కడ బ్రేకు ఉండదని అతనికీ తెలుసు. అయినా నొక్కుతాడు. ఇప్పుడూ నొక్కాడు.

"కింద సంతకం ఎవరిదో చూశావా?" అంది అక్క.

ఆ సంతకం గుర్తుపట్టడానికి కోర్టులో పనిచేసి ఉండక్కర్లేదు. అది కోడలిది.

నిన్న స్కానింగులో బయటపడ్డ సంగతే ఇంకా ఆ ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మామగారి గుండెలో కవాటం బిగుసుకుపోతే, ఏడాది కిందట తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి కొత్త కవాటం కూర్చోబెట్టారు. మూత్రపిండాలు అంతంతమాత్రం కాబట్టి ఛాతీ తెరిస్తే తట్టుకోలేడన్నారు. కొత్త కవాటం ఇప్పటికీ భేషుగ్గా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. దాని అంచు పక్కనుంచి మాత్రం రక్తం వెనక్కి కారుతోంది. డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే, ముప్ఫై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మామగారే అందరికీ విడమరిచి చెప్పాడు.

"తలుపు బాగానే ఉందిరా. ఫ్రేముకీ గోడకీ మధ్యే సందుంది."

ఆ సందు ఎప్పటిది అన్నదే ప్రశ్న. మొదట్నుంచీ ఉండి మెల్లగా పెద్దదయిందంటే ఒక వైద్యం. మళ్ళీ ఆ గొట్టం దారినే వెళ్ళి, చిన్న బిరడా పెట్టి మూసేస్తారు. ఈ మధ్యే హఠాత్తుగా పడిందంటే వేరే వైద్యం. కవాటం మీద క్రిములు చేరి పక్క కండను తినేస్తున్నాయని అనుమానించి, ఆరు వారాలు ఆస్పత్రిలో ఉంచి గట్టి ఇంజెక్షన్లు చెయ్యాలి. వాటికి ఆయన మూత్రపిండాలు నిలుస్తాయని డాక్టరు మాటివ్వలేదు. రక్తం పరీక్షకి పంపారు గానీ ఫలితానికి రోజులు పడుతుంది. "ఆయాసం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పండి, సగం దాంతోనే తేలుతుంది. సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తాను," అని పంపించాడు.

మామగారేమో ఈ మధ్యనే అంటున్నాడు, పిల్లలు ముగ్గురూ నిన్నట్నుంచీ ఆ తేదీనే వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలోనే ఫైలు విప్పారు.

"అమ్మాయ్," అంది ఆడపడుచు. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోతేనే భయపడాలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "నాన్నని అడిగే రాశావా ఇది?"

కోడలు నోరు తెరిచింది.

"అడిగింది," అన్నాడు మామగారు.

అందరూ అటు తిరిగారు.

"అడిగిందమ్మా. అన్నీ అడిగింది. అప్పుడు బాగానే ఉన్నా. ఉన్నది ఉన్నట్టు రాసుకుంది."

"ఎప్పుడడిగింది?"

"పొద్దున."

"ఏ గదిలో?"

"నన్ను బోనెక్కించకే తల్లీ," అని నవ్వబోయాడు మామగారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ కూతురు ఆయన వీపు నిమురుతూ నిలబడి, ఇంకేమీ అడగలేదు.

కోడలు మాత్రలు ఆయన అరచేతిలో పెట్టింది. గ్లాసులో నీళ్ళు తొణికి ఆయన చొక్కా మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు, ఆమె వైపు చూడనూ లేదు.

వంటింట్లో అత్తగారు గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోందని కోడలు గమనించింది.

"అత్తయ్యా, మామయ్యగారికి ఇలా ఎప్పట్నుంచి ఉంది?"

"ఎలా?"

"అదే, పడుకోలేకపోవడం."

"ఆపరేషనయ్యాక మూడు నెలలు హాయిగా పడుకున్నారు. నాలుగో నెల్లో నా దిండు కూడా లాక్కున్నారు. ఐదో నెలకి కుర్చీలోకి మారారు."

ఐదో నెల. కాగితం ఆరో నెలది. కోడలు గట్టుని పట్టుకుంది.

"మరి నేను లేచేసరికి మంచం మీదే ఉండేవారు కదా!"

"నీ గది తలుపు చప్పుడు వినగానే లేచెళ్ళి మంచం మీద కూర్చునేవారు, పేపరు పట్టుకుని. కళ్ళజోడు లేకుండా పేపరేం చదువుతున్నారని నువ్వొక్కనాడైనా చూశావా?"

చూడలేదు. ఎనిమిదిన్నరకి బస్సు. ఆ పరుగులో గుమ్మంలోంచి "వెళ్ళొస్తా మామయ్యగారూ" అని అరవడం, లోపలి నుంచి "మంచిదమ్మా" అని వినిపించడం. అంతే.

"ఎందుకలా దాచారు?"

"ఎందుకేమిటి? నువ్వు పనిచేసే ఆస్పత్రి. నువ్వు బతిమాలి ఒప్పించిన వైద్యం. అందరికీ కుదిరింది, నా ఒంటికే కుదర్లేదంటే ఆ పిల్ల అక్కడ తలెత్తుకు తిరగొద్దా అన్నారు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు."

"మీరైనా నాతో చెప్పాల్సింది అత్తయ్యా."

అత్తగారు కుళాయి కట్టేసింది. చేతులు చీరకొంగుకి తుడుచుకుని అప్పుడు తిరిగింది.

"చెప్పొద్దని ఒట్టు. ఎవరైనా అడిగితే అబద్ధమాడమని కాదు. నువ్వడిగితే చెప్పేదాన్ని. ఊరందరికీ ఫోన్లు చేసి దిండ్ల లెక్క అడుగుతావు కదా! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన ఇంట్లో వైద్యమే పెరటి చెట్టు దగ్గరికి రాలేదు."

అందులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

కోడలు ఆస్పత్రిలో గుండె విభాగం నర్సు. గొట్టం దారిన కవాటం బాగుచేయించుకున్న, మార్పించుకున్న ప్రతి మనిషికీ నెలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఫోన్ చేసి ఎలా ఉన్నారో రాసుకోవడం ఆమె పని. వైద్యం ఎంతమందికి ఫలించింది, ఎంతమందికి లేదు అన్నది ఆ కాగితాల మీదే తేలుతుంది. రోగులు ఆమెకి పెట్టిన పేరు దిండ్ల సిస్టరు.

కొత్తగా చేరిన నర్సులకి ఆమే పాఠం చెబుతుంది. ఎలా ఉన్నారని అడగొద్దు, బాగున్నాననే అంటారు. ఎన్ని దిండ్లని అడగండి. ఏం పని మానేశారని అడగండి. కొడుకు ఫోనెత్తితే కొడుకు మాట రాసుకోవద్దు, మనిషికే ఇమ్మనండి. ఇంట్లో వాళ్ళకి అన్నీ తెలుసనుకుంటారు గానీ ఏమీ తెలీదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె కాస్త నవ్వేది కూడా. దీపం కింద చీకటంటే ఇంకేమిటి?

మామగారి ఆరో నెల కాగితం నింపిన ఆ గురువారం నలభై రెండు ఫోన్లు మిగిలి ఉన్నాయి. సాయంత్రానికి కాగితాలు పైకి పంపాలి. జాబితాలో మామగారి పేరు వచ్చింది. పక్క బల్ల అమ్మాయి చూసి, "మీకేంటి సిస్టర్, ఈ ఒక్కటి ఫోన్ లేకుండానే అయిపోతుంది," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఉదయం పేపరు చదువుతూ కనిపించాడు కదా అనుకుంది. ఒక్క నిమిషంలో ఐదు ప్రశ్నలకీ జవాబులు నింపేసి, సంతకం గీకి, తర్వాతి నంబరు నొక్కింది. తర్వాతి మనిషిని మాత్రం పది నిమిషాల పాటు గుచ్చి గుచ్చి అడిగింది.

ఇప్పుడది తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపరేషనుకి ఒప్పించిన మనిషి తనే. ఆ పైన ఆయన్ని ఒక్క మాట అడిగే ఓపిక లేకపోయింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి, అత్తగారు అప్పటికే గిన్నెల వైపు తిరిగిపోయినా తల వంచుకుంది.

సరిగ్గా ఐదింటికి ఫోన్ మోగింది. భర్త దాన్ని స్పీకర్లో పెట్టి టీపాయ్ మీద ఉంచాడు.

"పెద్దాయనా, ఒక్కటే ప్రశ్న," అంది డాక్టరు గొంతు. "బాగా గుర్తుతెచ్చుకుని చెప్పండి. ఆయాసం ఎప్పుడు మొదలైంది?"

"ఈ మధ్యనేనండీ. నెల కూడా అయ్యుండదు."

"అంతకుముందు?"

"దివ్యంగా ఉన్నాను. ఈ మూడంతస్తులూ మెట్లెక్కే వచ్చేవాణ్ణి. జీవితమంతా లిఫ్టులు చూసిన వాణ్ణి కదండీ, దాన్నెక్కబుద్ధి కాదు. మా కోడలు ఆరో నెల్లో రాసుకుంది చూడండి, అది అక్షరాలా నిజం."

"రాత్రిళ్ళు?"

"ఒకటే దిండు."

అత్తగారు గుమ్మంలోంచి కోడలి ముఖంలోకే చూస్తోంది. కోడలు టీపాయ్ మీద ఫోనుని చూస్తోంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"ఊఁ," అన్నాడు డాక్టరు. "నాకూ సిస్టరు కాగితమే ఆధారం. మొదటి నెల స్కానింగులో నామమాత్రంగా కారేది. ఆరో నెల్లో మనిషి బాగున్నాడు. అంటే ఇది కొత్తగా పడ్డ సందే. క్రిములనుకునే మొదలుపెడదాం. రక్తం ఫలితం కోసం ఆగితే ప్రమాదం. రేపు పొద్దున ఎనిమిదికల్లా తీసుకొచ్చెయ్యండి, ఇంజెక్షన్లు రేపే."

"మూత్రపిండాలు తట్టుకుంటాయా డాక్టరుగారూ?" అని అడిగాడు భర్త.

"చూసుకుంటూ వెళ్దాం. ఇలాంటప్పుడు వేరే దారి ఉండదు."

ఫోన్ ఆగిపోయింది. మామగారు చేతికర్ర అందుకుని, ఎవరి సాయమూ వద్దంటూ, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"అమ్మాయ్," అంది ఆడపడుచు.

ఈసారి ఆ గొంతు వేరు.

"ఏమనుకోకు. కోర్టు బుద్ధి నాది, ప్రతిదానికీ అనుమానమే. నువ్వు నాన్నకి చేసినంత నేను చేశానా? ఏడాదిలో మూడుసార్లు వచ్చి పెత్తనం చేసి పోతాను. ఇందాక అలా అడగాల్సింది కాదు."

"పర్లేదు వదినా."

"పర్లేదంటే కాదు. పొద్దుట్నుంచీ కాళ్ళ మీదే ఉన్నావు, కూర్చో. టీ నేను పెడతాను."

భర్త నేల మీంచి కుడికాలు తీశాడు. "నేను చెప్పానా అక్కా? మా ఆవిడ అలాంటి పని చెయ్యదు. ఆస్పత్రిలో ఆవిడ కాగితమంటే డాక్టర్లే కళ్ళకద్దుకుంటారు."

అంత గర్వంగా అతను భార్య గురించి ఎన్నడూ మాట్లాడలేదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇవాళే కుదిరింది అతనికి.

ఆడపడుచు టీ తెచ్చి చేతికిచ్చింది. వదినచేత చాకిరీ చేయించుకుంటున్నానన్న బెరుకు కాదు కోడలికి. తిట్టాల్సిన మనిషి క్షమాపణ అడుగుతోంది, అడగాల్సిన తను కూర్చుని టీ తాగుతోంది. భూమి రెండుగా చీలితే బాగుండునని అంటారే, అది ఊరికే అనే మాట అనుకునేది. నిజంగానే అనిపిస్తుందని ఆ గుక్క మింగుతున్నప్పుడు తెలిసింది.

సగం కప్పు వదిలేసి లేచింది. "బట్టలు సర్దాలి," అంది ఎవరితోనూ కాకుండా.

మామగారు గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బీరువా తలుపు తీసి ఆమె చొక్కాలు మడతపెట్టసాగింది. మూడో చొక్కా దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"మామయ్యగారూ, ఆ ఇంజెక్షన్లు మంచినీళ్ళు కావు."

"తెలుసమ్మా."

"మీకవి అక్కర్లేదేమో. మీది పాత సందు."

"నువ్వు డాక్టరువా ఏమిటి అలా చెప్పడానికి?"

"ఐదో నెల నుంచి మీరు కుర్చీలో పడుకుంటున్నారని తెలిసినదాన్ని."

ఆయన తలుపు వైపు చూశాడు. "మీ అత్త నోరు..."

"ఆవిడ ఒట్టు తప్పలేదు. నేనడిగాను. ఇవాళ అడిగాను."

మామగారు చిన్నగా నవ్వాడు. "పోనీలే. ఆలస్యంగా వస్తే మాత్రం లిఫ్టు లిఫ్టు కాకుండా పోతుందా?"

"నవ్వకండి మామయ్యగారూ. దండం పెడతాను, నవ్వకండి. తిట్టండి. నన్నో మాట అన్నారు కాదేం? అబద్ధం నేను రాస్తే, అందరి ముందూ దాన్ని మీరు మోస్తున్నారు."

ఊపిరి కూడదీసుకోవడానికి సమయం కావాలి ఆయనకి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగాడు. ఆరోగ్యవంతులెవరూ అలా కూర్చోరు. ఆస్పత్రిలో ఇంకెవరైనా అలా కూర్చుంటే ఆమె గది అవతలి నుంచే పోల్చేది.

"ఆపరేషనుకి ముందు ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు గుర్తుందా?" అన్నాడు. "నేలకి టేపులు అంటించిన వరండాలో. నా కొడుకు మొహమాటపడి బయట నిలబడ్డాడు. కూతురు ఊళ్ళో లేదు. నువ్వే పక్కన నడిచావు. ఇంకొక్క టేపు మామయ్యగారూ, ఇంకొక్కటి అంటూ. ఆ తర్వాత నేనక్కడికి ఎప్పుడొచ్చినా, మా సిస్టరు మామగారని నర్సులు లేచి కుర్చీ వేసేవారు. నా వల్ల నువ్వు వాళ్ళ ముందు తలదించుకుంటావా?"

"నా వల్ల నేను దించుకుంటాను. మీ వల్ల కాదు."

"ఊరుకో. ఆరు వారాలేగా, పడుకుంటాను. ముసలాడి మూత్రపిండాలు ఉంటే ఎంత, పోతే ఎంత? మా అమ్మవు కదూ, ఈ సంగతి ఇక్కడే వదిలెయ్."

ఆ మాట దగ్గర ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. తన్నుకొచ్చిన ఏడుపులో ఒక పాడు సంగతి కూడా తెలిసింది. వదిలెయ్ అంటే ఆమె ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. నిజంగా తేలికపడింది. అలా తేలికపడ్డ తనని చూసుకుని ఆమెకి పుట్టిన అసహ్యం, అంతకుముందు పడ్డ సిగ్గునంతటినీ మించిపోయింది.

చొక్కా మంచం మీద పడేసి హాల్లోకి నడిచింది. వెనక చేతికర్ర చప్పుడు వినిపించింది. "అమ్మాయ్, ఆగు," అంటున్నాడు మామగారు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలలేనని తెలుసు.

ఫోన్ తీసి నంబరు నొక్కి, స్పీకర్లో పెట్టి, అదే టీపాయ్ మీద పెట్టింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడొచ్చు. అలా మాట్లాడితే మాటల్ని మెత్తగా చెయ్యనని తనమీద తనకే నమ్మకం లేదు.

"చెప్పండి సిస్టర్," అన్నాడు డాక్టరు.

"సార్, మా మామగారి ఆరో నెల కాగితం నేను అడక్కుండా నింపాను."

ఆడపడుచు చేతిలో ఉన్న ఖాళీ కప్పుని సాసరుతో సహా గట్టిగా పట్టుకుంది. భర్త కాలు మళ్ళీ నేలని వెతుక్కుంది.

"ఆయనకి నాలుగో నెల్లోనే ఆయాసం మొదలైంది. ఐదో నెల నుంచి కుర్చీలో కూర్చునే పడుకుంటున్నారు. ఇందాక మీతో ఆయన చెప్పింది నిజం కాదు. నా పరువు కాపాడటానికి అలా చెప్పారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

"అబద్ధమండీ," అన్నాడు మామగారు గుమ్మం పట్టుకుని, రొప్పుతూ. "ఆ పిల్ల బెంగతో..."

"పెద్దాయనా, మీరు కూర్చోండి. పెద్దావిడ ఉన్నారా అక్కడ?"

అత్తగారు కొంగు సర్దుకుని టీపాయ్ దగ్గరికి వచ్చింది. ఫోనుకి దణ్ణం పెట్టినంత పనిచేసి వంగింది.

"అమ్మా, ఆయన ఎప్పట్నుంచి కుర్చీలో పడుకుంటున్నారు?"

"అడిగారు కాబట్టి చెబుతున్నానండీ," అంది భర్త వైపు ఒకసారి చూసి. "నాలుగో నెల్లో రెండో దిండు. ఐదో నెల్లో కుర్చీ. రోజూ అంతే. మధ్యలో హఠాత్తుగా పెరగలేదు, మెల్లగా పెరుగుతూ వచ్చింది."

"జ్వరం, చలి ఎప్పుడైనా?"

"ఒక్కనాడూ లేదు."

అవతల కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు. హాల్లో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు, ఆపుకోలేని మామగారు తప్ప.

"అయితే కథ వేరు," అన్నాడు డాక్టరు చివరికి. "రేపు తీసుకురండి, కానీ ఇంజెక్షన్లు వద్దు. గొంతులోంచి స్కానింగ్ చేసి ఆ సందుని దగ్గరగా చూద్దాం. రక్తం ఫలితం శుభ్రంగా వస్తే బిరడాతో మూసే ఏర్పాటు చేద్దాం. ఇది మాత్రం ఇవాళ చెప్పారు కాబట్టి సరిపోయింది."

అత్తగారు భర్త చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆడపడుచు కప్పు కింద పెట్టి, కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో కోడలు చూడలేదు. చూసే ధైర్యం లేదు. తిట్టనీ, కొట్టనీ, ఆయనకి ఆ ఇంజెక్షన్లు తప్పాయి. అది చాలనుకుంది.

కోడలి భర్త ఫోన్ కట్టేయబోయాడు.

"సిస్టర్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను సార్."

"ఒక్క మాట. ఆరో నెల్లో నూటికి తొంభైమందికి పైగా బాగున్నారని అందరికీ చెబుతున్నాను. మీ కాగితాలు చూపించే చెబుతున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ మాట నమ్మే ఒప్పుకుంటున్నారు." అతను ఆగాడు. "ఇలా అడక్కుండా నింపినవి ఇంకా ఉన్నాయా?"

ఆ ప్రశ్న వచ్చేదాకా ఆమెకి అవి గుర్తులేవు. గుర్తుకి రాకుండా చూసుకుంది అనడం న్యాయం.

స్పీకరు ఆపెయ్యడానికి ఒక్క వేలు చాలు. భర్త వేలు అప్పటికే దానిమీద ఉంది. నొక్కమంటావా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉన్నాయి సార్."

"ఎన్ని?"

"పదకొండు. మూడుసార్లు చేసినా ఫోనెత్తని వాళ్ళు. మొదటి నెల్లో బాగున్నామన్నారు కదా అని, అదే రాసేశాను."

భర్త ఫోను మీంచి చెయ్యి తీసేశాడు. భార్యని ఎరగనట్టు చూశాడు.

"ఆ పదకొండుమందీ ఇప్పుడెలా ఉన్నారు సిస్టర్?"

మామగారు కళ్ళు తెరిచాడు. ఇంట్లో మిగతా నలుగురూ ఆ జవాబు కోసమే చూస్తున్నారు. కోడలు ఫోను వైపు వంగింది.

"తెలీదు సార్."